స్లైడ్లలో రంగు మసకగా వస్తోంది, హెమటాక్సిలిన్ కంపెనీ మార్చాలా?

హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తున్న చెల్లె రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను. హెమటాక్సిలిన్ అంటే కణాల న్యూక్లియస్‌లకు నీలి రంగు, ఇయోసిన్ అంటే మిగతా భాగానికి గులాబీ రంగు వేసే ద్రావణాలు.

"అక్కా, నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి హిస్టోపాథాలజీ విభాగంలో, అంటే శరీరం నుంచి తీసిన ముక్కలను మైక్రోస్కోప్ పరీక్షకు సిద్ధం చేసే చోట చేరాను. జనగామ, పరకాల, ములుగు, భూపాలపల్లి నర్సింగ్ హోముల నుంచి మాకు స్పెసిమెన్లు వస్తాయి. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి స్లైడ్లు సరిగ్గా రావడం లేదు. కొన్నింటిలో న్యూక్లియస్‌లు బూడిద రంగులో అలికినట్టు ఉంటున్నాయి, కొన్ని రోజులు మొత్తం రాక్ (స్లైడ్లు పేర్చి ముంచే స్టాండు) ఎర్రగా వస్తోంది, ఇయోసిన్ వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. సెక్షన్లు (టిష్యూ నుంచి కోసిన పలుచటి పొరలు) ముడతలు పడుతున్నాయి, స్టెయినింగ్ (రంగు వేయడం) చేసేటప్పుడు ఊడిపోతున్నాయి. మొన్న ఒక లింఫ్ నోడ్‌లో నల్లటి రేణువులు కనిపిస్తే అది ఫార్మలిన్ పిగ్మెంటా (టిష్యూను కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ వల్ల ఏర్పడే రేణువులా), బొగ్గా అని మా మేడం అడిగారు, నాకు చెప్పరాలేదు. హెమటాక్సిలిన్ కంపెనీ మార్చమంటావా? టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టట్లేదు."

చెల్లె, కంపెనీ మార్చకు. కనీసం ఇప్పుడే మార్చకు. నువ్వు రాసినవన్నీ ఒక్క సమస్య కాదు, నాలుగైదు వేర్వేరు సమస్యలు, అన్నీ చివరికి స్టెయినింగ్ దగ్గరే బయటపడతాయి కాబట్టి అన్నిటికీ రంగే కారణమని అనిపిస్తుంది. ఒక్కటి గమనించు: ఒకే రాక్‌లో, ఒకే హెమటాక్సిలిన్‌లో, ఒకే సమయం ముంచిన స్లైడ్లలో చాలావరకు మంచిగా వచ్చి నాలుగు మాత్రం పాడైతే, ఆ నాలుగింటి తప్పు రంగుది కాదు. అది ఆ టిష్యూ నీ దగ్గరికి రాకముందో, గ్రాసింగ్‌లోనో (ముక్కలు కోసి ఎంచేటప్పుడో), ప్రాసెసింగ్‌లోనో జరిగిపోయింది. మొత్తం రాక్ పాడైతేనే రంగునో, నీళ్లనో, ఆల్కహాల్‌నో అనుమానించాలి.

దీన్ని ఊహించుకుంటూ కూర్చోకుండా తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. మంచిగా ఫిక్స్ అయిన (ఫార్మలిన్‌లో గట్టిపడి పాడవకుండా నిలిచిన) ఒక అపెండిక్స్ బ్లాక్‌ను, అంటే మైనంలో పోతపోసిన ముక్కను, కంట్రోల్‌గా (పోల్చి చూడటానికి) పక్కన పెట్టుకో. అందులో గ్రంథులున్న మ్యూకోసా, లింఫాయిడ్ ఫాలికిల్స్, కండరం, కొల్లాజెన్, రక్తనాళాలు, కొంచెం కొవ్వు అన్నీ దొరుకుతాయి, అంతకన్నా మంచి కంట్రోల్ అక్కర్లేదు. రోజూ పొద్దున మొదటి రాక్‌లో దాని సెక్షన్ ఒకటి పెట్టు. అది మంచిగా వచ్చి పేషెంట్ స్లైడ్ చెడిపోతే వెనక్కి, అంటే ఫార్మలిన్ డబ్బా దాకా వెళ్లి వెతుకు. అదే చెడిపోతే ఆ రోజు పేషెంట్ స్లైడ్లు ముట్టుకోకుండా ముందు రంగులు చూడు. ఇంకో మాట, ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చు. చాలా ల్యాబుల్లో స్లైడ్ బాగా రాకపోతే అదే రోజు హెమటాక్సిలిన్ కొత్తది పోస్తారు, టైం పెంచుతారు, ఆల్కహాల్ మారుస్తారు, తర్వాత దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు, వచ్చే నెల మళ్లీ అదే కథ.

ఇక ఆ అలికినట్టున్న న్యూక్లియస్‌ల సంగతి. నాకైతే దాదాపు నమ్మకంగా అనిపిస్తోంది, అది ఫిక్సేషన్ లోపం. భూపాలపల్లిలో పొద్దున తీసిన గర్భసంచి సాయంత్రం బస్సులో నీ దగ్గరికి వస్తుంది, మే నెలలో బయట 43 డిగ్రీలు ఉంటుంది, ఆ ముక్క చిన్న మూతి సీసాలో కుక్కి ఉంటుంది, పైన రెండు వేళ్ల మందం ఫార్మలిన్, ఒక్కోసారి అదీ కాదు, ఉత్త సెలైన్. సెలైన్ దేన్నీ ఫిక్స్ చేయదు. శరీరం నుంచి వేరైన నిమిషం నుంచి కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే తినేయడం మొదలుపెడతాయి, వేడి ఎంత ఎక్కువుంటే అంత తొందరగా. అలా పాడైన న్యూక్లియస్‌కు ప్రపంచంలో ఏ కంపెనీ హెమటాక్సిలిన్ పోసినా గీత గీసినట్టు రాదు, ఎందుకంటే రంగు పట్టాల్సిన క్రొమాటిన్ అక్కడ సరిగ్గా మిగిలి లేదు.

ఫార్మలిన్ లోపలికి దిగేది చాలా నెమ్మదిగా. మొదట్లో గంటకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, లోపలికి పోయేకొద్దీ ఇంకా నిదానం. పైగా దిగడం వేరు, ఫిక్స్ కావడం వేరు. లోపలికి చేరిన తర్వాత ప్రొటీన్లతో రసాయనికంగా ముడిపడాలి, దానికి ఇంకా గంటలు పడుతుంది. అందుకే కోయకుండా పంపిన గర్భసంచి పైపైన గట్టిపడి బూడిద రంగులోకి మారుతుంది, మధ్యలో కోసి చూస్తే ఇంకా ఎర్రగా, మెత్తగా, వాసన వస్తూ ఉంటుంది. ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) ఉండేది సరిగ్గా అక్కడే, డాక్టరుకు కావాల్సిందీ అదే. కాబట్టి స్పెసిమెన్ అందిన వెంటనే, ఎంత రాత్రైనా సరే, లేబుల్, ఫారం సరిచూసుకుని మీ మేడం చెప్పిన పద్ధతిలో దాన్ని తెరవండి. గర్భసంచిని కేవిటీ కనిపించేలా చీల్చాలి, పేగును పొడవునా కోసి తెరవాలి, రొమ్ము గడ్డను సుమారు సెంటీమీటరు లేదా అంతకన్నా పలుచటి పొరలుగా కోసి మధ్యలో ఫార్మలిన్‌లో తడిపిన గాజుగుడ్డ పెట్టాలి. మార్జిన్లకు (ఆపరేషన్‌లో కోసిన అంచులకు) ఇంకు వేయాల్సినవైతే ముందు ఇంకు, తర్వాతే కోత. అప్పుడు కొత్త ఫార్మలిన్ పోసి ఉంచండి, టిష్యూ కన్నా కనీసం పది రెట్లు, వీలైతే ఇరవై రెట్లు. రొమ్ము గడ్డల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలకు (రొమ్ము క్యాన్సర్‌కు ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి) టిష్యూ తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, 6 గంటలకు తగ్గకుండా 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి అన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం. మన దగ్గర కోసిన బ్లాకే తీసుకుని ఆ మనిషి రేపు హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోతుంది. ఫిక్సేషన్ సరిగ్గా లేక ఈఆర్ నెగెటివ్ అని వస్తే ఆమెకు దొరకాల్సిన మందు దొరకదు.

ఫార్మలిన్ ఎలా కలుపుతున్నారో కూడా చూడు. దుకాణంలో దొరికేది 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్, దాన్ని ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఊరుకుంటే అది కొన్నాళ్లకు ఫార్మిక్ యాసిడ్‌గా మారుతూ పుల్లబడుతుంది, నీ నల్ల రేణువుల్లో సగం గొడవ అక్కడే మొదలవుతుంది. లీటరుకు లెక్క ఇది: ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7కు దగ్గర్లో ఉండాలి, పేపర్‌తో చూసుకుంటే చాలు. బోరు నీళ్లతో కలపకండి, మన గట్టి నీళ్లలో ఫాస్ఫేట్ వేస్తే తెల్లగా అడుగుకు దిగే అవకాశం ఉంది. నర్సింగ్ హోములకు ఈ బఫర్డ్ ఫార్మలిన్ నింపిన వెడల్పు మూతి డబ్బాలు మీరే పంపించండి, డబ్బా మీద ఎంతవరకు నింపాలో మార్కర్‌తో గీత పెట్టి, "సెలైన్ వద్దు" అని తెలుగులో రాసి అంటించండి. థియేటర్‌లో దాన్ని పట్టుకునేది ఆయమ్మ లేదా వార్డ్ బాయ్, వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి. మీ సార్‌కు ఖర్చు అనిపిస్తే, రిపీట్ అయిన స్లైడ్లు, ఆలస్యమైన రిపోర్టులు లెక్క రాసి చూపించు, ఆయనే ఒప్పుకుంటారు.

క్యాసెట్‌లోకి (ప్రాసెసింగ్ కోసం ముక్కను పెట్టే చిన్న పెట్టెలోకి) పోయే ముక్క 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం దాటకూడదు. మూత వేసినప్పుడు ముక్క నొక్కుకుపోతోందంటే అది మందం ఎక్కువైనట్టే. చిన్న ఎండోస్కోపీ బయాప్సీలను ఫిల్టర్ పేపర్‌లో మడిచి పెట్టు, ఒక చుక్క ఇయోసిన్ వేస్తే ఎంబెడింగ్‌లో (మైనంలో పోతపోసేటప్పుడు) కళ్లు చించుకుని వెతకాల్సిన పని ఉండదు.

ప్రాసెసింగ్‌లో జరిగేది సూటిగా చెప్పాలంటే, నీళ్లు తీసేసి మైనం నింపడం. 70 శాతం ఆల్కహాల్‌తో మొదలై 90, 95, తర్వాత అబ్సల్యూట్ రెండు మూడు సార్లు, జైలీన్ రెండు సార్లు, పారఫిన్ రెండు మూడు సార్లు. మన దగ్గర ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతి కావాలి కాబట్టి చాలా ల్యాబులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాయి, అది తప్పేమీ కాదు, పని చేస్తుంది. తప్పు ఎక్కడంటే మార్చాల్సినప్పుడు మార్చకపోవడం. చివరి అబ్సల్యూట్ జాడీలో అడుగున నీరు తీసేసిన కాపర్ సల్ఫేట్ పొర వేసి పైన ఫిల్టర్ పేపర్ పరిచి ఉంచు. తెల్లగా ఉన్న ఆ పొడి నీలమైందంటే ఆల్కహాల్‌లో నీళ్లు చేరాయని అర్థం, వెంటనే మార్చెయ్. జైలీన్ పాలలా తెల్లబడినా అదే సంకేతం. నీళ్లు మిగిలిన టిష్యూలోకి మైనం దిగదు. బ్లాక్ మధ్యలో ముక్క లోపలికి కుంగినట్టు, వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది, సెక్షన్ తీస్తే మధ్యలో బొక్క పడుతుంది. నువ్వు రాసిన సెక్షన్లు ఊడిపోవడంలో కొంత భాగం ఇదే అయి ఉంటుంది. దీనికి ఎదురుగా ఉండే తప్పు చిన్న బయాప్సీలను పెద్ద ముక్కలతో కలిపి రాత్రంతా నడిపించడం. అవి ఎండిపోయి, సెక్షన్‌లో ఎండిన చెరువు నేలలా పగుళ్లు చూపిస్తాయి. వాటికి పొట్టి షెడ్యూల్ వేరుగా పెట్టండి. మైనం వేడి దాని కరిగే ఉష్ణోగ్రత కన్నా 2 నుంచి 4 డిగ్రీలు మాత్రమే ఎక్కువుండాలి, థర్మోస్టాట్ చూపించే అంకెను నమ్మకుండా విడిగా ఒక థర్మామీటర్ ముంచి చూడు.

ఎంబెడింగ్‌లో ముక్క ఎటు తిరిగి ఉందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. చర్మమైతే ఎపిడెర్మిస్ నుంచి కొవ్వు దాకా అన్ని పొరలూ ఒకే సెక్షన్‌లో కనిపించేలా నిలువుగా నిలబెట్టాలి, గొట్టంలాంటివైతే అడ్డకోత రావాలి, నాలుగు చిన్న బయాప్సీలుంటే నాలుగూ ఒకే మట్టంలో మోల్డ్ అడుగుకు తగలాలి. ముక్క పెట్టేముందు ఫోర్సెప్స్ కొంచెం వేడి చెయ్, చల్లటి ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే ముక్క చుట్టూ మైనం గడ్డకట్టి తర్వాత బ్లాక్ నుంచి విడిపోతుంది.

ముడతల విషయానికొస్తే, అది మన ఎండాకాలమే చేస్తోంది. కోసే గది 36, 38 డిగ్రీలుంటే 56 డిగ్రీల దగ్గర కరిగే మైనం మెత్తబడి బ్లేడ్ ముందు నలిగిపోతుంది, సెక్షన్ బ్లాక్ కన్నా పొట్టిగా వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా 60 నుంచి 62 డిగ్రీల్లో కరిగే మైనం తెప్పించుకోండి, మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం) ఉన్న గదిలో ఏసీ పెట్టించమని గట్టిగా అడుగు, సార్ రూముకు కాదు, ఆ గదికే ముందు కావాలి. ఫ్యాన్ గాలి మాత్రం రిబ్బన్ (వరుసగా వచ్చే సెక్షన్ల పట్టీ) మీద పడకూడదు. బ్లాక్‌ను ముందు ముతకగా ట్రిమ్ చేసి, ముఖం తేలాక ఐస్ ట్రే మీద బోర్లించి తడి ఐస్‌కు తగిలేలా కొన్ని నిమిషాలు ఉంచు. చల్లబడటం ఒక్కటే కాదు, టిష్యూ కొంచెం నీరు పీల్చుకుని మెత్తబడుతుంది, రక్తం ఎక్కువున్న ముక్కలకు, థైరాయిడ్‌కు, గర్భసంచి కండరానికి ఇది చాలా మేలు చేస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకు, పగుళ్లొస్తాయి. ఐస్ మీద నుంచి తీయగానే వచ్చే మొదటి రెండు మూడు సెక్షన్లు మందంగా ఉంటాయి, వాటిని తీసుకోకు. మామూలు పనికి 3 నుంచి 5 మైక్రాన్లు, లింఫ్ నోడ్, కిడ్నీ అయితే ఇంకా పలుచగా. నిలువు గీతలు పడితే బ్లేడ్‌కు నొక్కు ఉన్నట్టు, బ్లేడ్ పక్కకు జరిపి చూడు, పోతే అదే కారణం. అడ్డంగా మెట్లు మెట్లుగా వస్తే క్లాంప్ వదులైందో, బ్లేడ్ కోణం తప్పిందో, ముక్క మరీ గట్టిగా ఉందో అన్న వరుసలో చూడు. హ్యాండిల్ ఒకే వేగంతో, నిదానంగా తిప్పాలి, దీనికి చేయి అలవాటు పడటం తప్ప వేరే దారి లేదు.

సెక్షన్లను తేలేసే వాటర్ బాత్ మైనం కరిగే ఉష్ణోగ్రత కన్నా సుమారు 10 డిగ్రీలు తక్కువుండాలి. ఎక్కువ వేడైతే టిష్యూ విచ్చుకుని కణాల మధ్య ఖాళీలొస్తాయి, తక్కువైతే ముడతలు పోవు. ప్రతి బ్లాక్ తర్వాత టిష్యూ పేపర్‌తో నీటి పైపొర తుడువు, తుడవకుండా ఇంకో బ్లాక్ వేయకు. ఒక పేషెంట్ క్యాన్సర్ ముక్క చిన్న నలుసంత తేలుతూ వచ్చి ఇంకో పేషెంట్ స్లైడ్ మీద అతుక్కుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. సెక్షన్ ఎత్తిన స్లైడ్‌ను నిలబెట్టి నీళ్లన్నీ కారిపోయాకే హాట్ ప్లేట్ మీద పెట్టాలి, 60 డిగ్రీల దగ్గర ఇరవై, ముప్పై నిమిషాలు. కింద నీళ్లు మిగిలుండగానే వేడి పెడితే రెండు నష్టాలు, సెక్షన్ ఊడుతుంది, న్యూక్లియస్‌లు ఉబ్బి బుడగల్లా కనిపిస్తాయి. సెక్షన్ అతుక్కోవడానికి ఎగ్ అల్బుమిన్ వాడుతున్నట్టయితే, గుడ్డు తెల్లసొన, గ్లిజరాల్ సమానంగా కలిపి వడగట్టి, బూజు పట్టకుండా చిన్న థైమాల్ పలుకు వేసి ఫ్రిజ్‌లో ఉంచు, స్లైడ్‌కు వేలితో కనిపించీ కనిపించనంత పలుచగా పూయాలి. ఎక్కువైతే అది కూడా రంగు పట్టి వెనకాల మురికిలా కనిపిస్తుంది.

ఇప్పుడు రంగు దగ్గరికొద్దాం. హ్యారిస్ హెమటాక్సిలిన్ 1900 నుంచి వాడుకలో ఉంది. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు కాండం నుంచి తీసే పదార్థం అది, అదొక్కటే ఉంటే రంగు వేయదు. అది ఆక్సీకరణ చెంది హెమటీన్ కావాలి, పటికలోని అల్యూమినియం దాన్ని న్యూక్లియస్‌కు పట్టి ఉంచాలి. మీరే తయారు చేసుకుంటే మెర్క్యూరిక్ ఆక్సైడ్ మానేసి సోడియం అయోడేట్ వాడండి, పాదరసం సింకులో పోయడం ఎవరికీ మంచిది కాదు. రోజూ పొద్దున వాడేముందు ఫిల్టర్ చెయ్, పైన లోహంలా మెరిసే పొర స్లైడ్ల మీద నీలి మచ్చలుగా దిగుతుంది. అది ఇంకా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక గ్లాసు కుళాయి నీళ్లలో నాలుగు చుక్కలు వేసి చూడు. వెంటనే నీలి ఊదా రంగులోకి మారితే బాగున్నట్టు, గోధుమ ఎరుపుగానే ఉండిపోతే దాని పని అయిపోయినట్టు. కంపెనీ మార్చే ముందు ఈ పరీక్ష చెయ్.

మొత్తం రాక్ ఎర్రగా వస్తున్న రోజుల గురించి నీకు ఒక ప్రశ్న. ఆ రోజు బ్లూయింగ్ ఏ నీళ్లలో చేశారు? ఎక్కువైన రంగు తీసేసే యాసిడ్ ఆల్కహాల్‌లో ముంచి తీశాక న్యూక్లియస్‌లు ఎర్రగా ఉంటాయి, క్షార గుణం ఉన్న నీళ్లు తగిలితేనే నీలమవుతాయి. మన వైపు బోరు నీళ్లు చాలావరకు గట్టివి, క్షారం ఉంటుంది, అందులో ఐదు నిమిషాల్లో చక్కగా నీలమొస్తుంది. ఆర్వో ప్లాంటు నీళ్లలో ఆ లవణాలు ఉండవు, పీహెచ్ 7 కన్నా తక్కువే ఉండొచ్చు, అందులో ఎంతసేపు ఉంచినా ఎర్రదనం పూర్తిగా పోదు. ల్యాబులో బోరు పాడైనప్పుడో, శుభ్రంగా ఉంటాయనుకునో ఎవరో ఆర్వో క్యాన్ పెట్టి ఉంటారు, అడిగి చూడు. నీళ్ల మీద ఆధారపడొద్దనుకుంటే స్కాట్స్ ద్రావణం చేసుకో, లీటరు నీళ్లకు సోడియం బైకార్బొనేట్ 3.5 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రాములు, రెండు నిమిషాలు చాలు. అమ్మోనియా నీళ్లు కూడా పనిచేస్తాయి కానీ అవి సెక్షన్లను ఊడదీస్తాయి, నీకు ఇప్పటికే ఆ బాధ ఉంది కాబట్టి వద్దు.

యాసిడ్ ఆల్కహాల్ అంటే 70 శాతం ఆల్కహాల్‌లో 1 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, అందులో ముంచేది కొన్ని సెకన్లే. రాక్‌ను అందులో వదిలేసి ఫోన్ ఎత్తావంటే ఆ రాక్ పోయినట్టే. బ్లూయింగ్ అయ్యాక, ఇయోసిన్‌కు ముందు, ఒక స్లైడ్ తడిగానే మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు. న్యూక్లియస్ అంచు, లోపలి క్రొమాటిన్ విడివిడిగా కనిపించాలి, వెనకాల దాదాపు రంగు లేకుండా ఉండాలి. ఎక్కువైతే మళ్లీ ఒక్క ముంపు యాసిడ్‌లో, తక్కువైతే మళ్లీ హెమటాక్సిలిన్‌లో. ఇయోసిన్ పడ్డాక సరిచేయడం కష్టం, ఈ ఒక్క చూపుతో నీకు రోజులో ఎన్నో రిపీట్లు తప్పుతాయి.

ఇయోసిన్ వెలిసిపోవడానికి కారణం సాధారణంగా ఇయోసిన్ కాదు, బ్లూయింగ్ నీళ్లే. ఇయోసిన్‌కు కొంచెం ఆమ్లం కావాలి, పీహెచ్ 4.6 నుంచి 5 మధ్య ఉంటేనే సైటోప్లాజానికి బాగా పడుతుంది. స్కాట్స్ ద్రావణమో, అమ్మోనియానో సరిగ్గా కడగకుండా రాక్‌ను దించితే ఆ క్షారమంతా ఇయోసిన్ జాడీలో చేరి రోజురోజుకూ దాన్ని చంపేస్తుంది, సోమవారం బాగుండి శుక్రవారానికి వెలిసిపోతుంది. మధ్యలో మామూలు నీళ్లలో బాగా కడిగి, రాక్ అంచులు పేపర్‌కు అద్ది దించు. జాడీలో 100 మిల్లీలీటర్లకు అర మిల్లీలీటరు గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ వేసి చూడు, మరీ ఎక్కువ వేస్తే ఇయోసిన్ అడుగుకు దిగిపోతుంది. తర్వాతి 70 శాతం ఆల్కహాల్‌లో ఎక్కువసేపు ఉంచకు, నీళ్లున్న ఆల్కహాల్ ఇయోసిన్‌ను లాగేస్తుంది. బాగా పడిన స్లైడ్‌లో గులాబీ ఒక్కటే రకంగా ఉండదు, ఎర్ర రక్తకణాలు ముదురు నారింజ ఎరుపులో, కండరం ఒక ముదురు గులాబీలో, కొల్లాజెన్ లేత గులాబీలో విడివిడిగా తేలాలి. నీ అపెండిక్స్ కంట్రోల్‌లో ఈ మూడూ చూసుకో. చివర్లో జైలీన్ తేటగా అయ్యాకే డీపీఎక్స్ (అతికించే జిగురు) వేసి కవర్ స్లిప్ పెట్టు, జైలీన్ ఆరిపోయేదాకా ఆగావంటే గాలి చిక్కుకుని న్యూక్లియస్‌ల మీద గోధుమ నలుపు చుక్కలు కనిపిస్తాయి.

మీ మేడం అడిగిన నల్ల రేణువుల ప్రశ్న చాలా మంచి ప్రశ్న, మన ప్రాంతంలో తప్పకుండా అడగాల్సింది. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి సింగరేణి గనుల్లో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల దగ్గరి లింఫ్ నోడ్లలో బొగ్గు ధూళి మామూలుగానే కనిపిస్తుంది, కట్టెల పొయ్యి దగ్గర ఏళ్లు గడిపినవాళ్లలోనూ, పొగ తాగేవాళ్లలోనూ ఉంటుంది. అది మ్యాక్రోఫేజ్ కణాల లోపల, నల్లగా కుప్పలుగా ఉంటుంది. ఫార్మలిన్ పిగ్మెంట్ అలా కాదు, రక్తం ఎక్కువున్న చోట, గోధుమ నలుపు సన్నటి రేణువులుగా, కణాలతో సంబంధం లేకుండా వాటి మీద చల్లినట్టు ఉంటుంది, పోలరైజర్ పెట్టి చూస్తే మెరుస్తుంది. తేల్చుకోవాలంటే అదే బ్లాక్ నుంచి రెండో సెక్షన్ తీసి, మైనం తీసేశాక, ఆల్కహాల్‌లో సంతృప్తం చేసిన పిక్రిక్ యాసిడ్‌లో అరగంట నుంచి రెండు గంటలు ఉంచి, పసుపు పోయేదాకా నీళ్లలో కడిగి మామూలుగా స్టెయిన్ చెయ్. రేణువులు మాయమైతే ఫార్మలిన్, అలాగే ఉంటే వేరే ఏదో. బొగ్గు దేనికీ కరగదు, బ్లీచ్ కూడా కాదు. మెలనిన్ అనుమానం ఉంటే పర్మాంగనేట్, తర్వాత ఆక్సాలిక్ యాసిడ్‌తో బ్లీచ్ అవుతుంది, ఇనుమైతే పెర్ల్స్ స్టెయిన్‌లో నీలమవుతుంది. పిక్రిక్ యాసిడ్ ఎండిపోతే పేలుతుంది, సీసాలో ఎప్పుడూ తడిగా ఉండేలా చూసుకో, మూత దగ్గర పొడి గట్టిపడి ఉంటే తిప్పడానికి ప్రయత్నించకుండా పెద్దవాళ్లకు చెప్పు.

ఇంకొకటి నువ్వు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. కళ్లు మండుతున్నాయంటే గాలిలో అది ఎక్కువుందని అర్థం, అలవాటైపోతుందిలే అని ఎవరైనా అంటే వినకు. గ్రాసింగ్ టేబుల్ దగ్గర గాలి బయటికి లాగే ఎగ్జాస్ట్ ముఖం ఎత్తులో కాకుండా టేబుల్ మట్టంలో ఉండాలి, గ్లోవ్స్, కళ్లద్దాలు ఉండాలి. ఏసీ పెట్టిస్తున్నాం కదా అని కిటికీలన్నీ మూసేసి జైలీన్ జాడీలు అదే గదిలో తెరిచిపెడితే ఇంకా ప్రమాదం, స్టెయినింగ్ వేరే చోట, గాలి ఆడే దగ్గర చెయ్.

ఇప్పటికే చెడిపోయి పెండింగ్‌లో ఉన్న బ్లాకులను పారేయకు. నొక్కితే మెత్తగా, కుంగినట్టున్నవి ప్రాసెసింగ్ చాలనివి, వాటిని కరిగించి, మైనం తుడిచి, జైలీన్‌లో మిగిలిన మైనం తీసేసి, అబ్సల్యూట్ ఆల్కహాల్‌లోకి వెనక్కి తెచ్చి, అక్కడి నుంచి మళ్లీ కొత్త ఆల్కహాల్, కొత్త జైలీన్, మైనంలో నడిపించు, చాలా వరకు దారికొస్తాయి. మధ్యలో పచ్చిగా ఉండిపోయినవైతే ఇంకా వెనక్కి ఫార్మలిన్ దాకా తీసుకెళ్లాలి. గ్రాసింగ్ అయ్యాక డబ్బాలో మిగిలిన ముక్క ఉంటే ముందు దాని అంచు దగ్గరి నుంచి, అంటే ఫార్మలిన్ బాగా తగిలిన చోటు నుంచి కొత్త క్యాసెట్ తీసుకునే వీలుందేమో మేడంను అడుగు. సెలైన్‌లో వచ్చి కుళ్లిపోయినవాటిని మాత్రం ఏం చేసినా తిరిగి తేలేం. అలాంటివి ఏ స్థితిలో, ఎన్ని గంటలకు, దేంట్లో వచ్చాయో రిజిస్టర్‌లో అందిన రోజే రాసి పెట్టు, ఆ మాట రిపోర్టులో కూడా రాయమని మేడంను కోరు, అప్పుడే ఆ నర్సింగ్ హోం డాక్టరు మళ్లీ బయాప్సీ అవసరమా అన్నది నిర్ణయించుకోగలడు.